ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దు పశువుల మందలలో వైరస్ వ్యాధులు: ముప్పునకు కారణాలు, నివారణ మార్గాలు

ప్రత్యేక వ్యాసం

గోదావరి లోయలోని ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అటవీ గ్రామాలలో పశువు అంటే మొదటగా పాలిచ్చే జంతువు కాదు. అది నాగలి లాగే ఎద్దు, పొలానికి పెంట అందించే ఆవు, కష్టకాలంలో సంతకు తోలి సొమ్ము చేసుకునే ఆస్తి. తొలకరి వాన పడిన పది, పదిహేను రోజులలో దుక్కి పూర్తి కాకపోతే ఆ ఏటి పంటపై ఆశ సన్నగిల్లుతుంది. సరిగ్గా ఆ రోజులలో జత ఎద్దులలో ఒకటి నోట చొంగ కార్చుచు, గిట్టలు పుండ్లు పడి నిలబడలేక పోయినచో ఆ కుటుంబం కోల్పోయేది పశువు ఆరోగ్యాన్ని మాత్రమే కాదు, ఒక పంటకాలాన్ని. ఈ కారణంగానే సరిహద్దు మండలాలలో వైరస్ వ్యాధుల నివారణను పశువైద్య విషయంగానే గాక జీవనోపాధి విషయంగా కూడా చూడవలసి ఉన్నది.

మరొక కారణం కూడా కలదు. గాలికుంటు వ్యాధి లేని మండలాలను రూపొందించేందుకు కేంద్ర ప్రభుత్వం ప్రాధాన్య క్రమంలో గుర్తించిన తొమ్మిది రాష్ట్రాలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు రెండూ ఉన్నాయి. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, గుజరాత్, పంజాబ్, హర్యానా, ఉత్తరాఖండ్ మిగిలినవి. పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్, ఒడిశా ఈ జాబితాలో లేవు. అనగా చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం మొదలుకొని చింతూరు, కూనవరం వరకు గల అడవి అంచు, రేపటి వ్యాధిరహిత ప్రాంతానికి తూర్పు హద్దు కాగలదు. ఆ హద్దు ఎంత గట్టిగా ఉంటే లోపలి జిల్లాలు అంత భద్రంగా ఉంటాయి.

ప్రాంత స్వరూపం

ఉమ్మడి ఖమ్మం జిల్లా గడచిన దశాబ్దంలో రెండుసార్లు రూపు మారింది. 2014లో రాష్ట్ర విభజన సందర్భంగా చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండల గ్రామాలు, బూర్గంపాడు మండలంలో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఫలితంగా ఒకప్పుడు ఒకే జిల్లా పశుసంవర్ధక శాఖ పరిధిలో ఉన్న మేత బయళ్ళు నేడు రెండు రాష్ట్రాల పరిధిలో ఉన్నాయి. ఉత్తరాన ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా జిల్లాలు, శబరి నదికి ఆవల ఒడిశాలోని మల్కనగిరి జిల్లా. నాలుగు రాష్ట్రాల పశువులు ఒకే అడవిలో మేస్తూ, అవే వాగులలో నీరు త్రాగుతున్నాయి.

కోయలు, కొండరెడ్లు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గుత్తికోయలు ఈ గ్రామాలలో అధికంగా నివసిస్తున్నారు. మందను ఊరి కాపరి ఉదయం అడవికి తోలుకొని పోయి సాయంత్రం తెచ్చే పద్ధతి సాధారణం. వ్యవసాయ పనులు ముగిసిన తరువాత పశువులను రోజుల తరబడి అడవిలోనే వదిలివేసే అలవాటు కూడా ఉన్నది. మైదాన ప్రాంతంలో కొట్టంలో కట్టివేసి పోషించే పాడిగేదెకు వర్తించే నివారణ సూత్రాలను యథాతథంగా ఇక్కడి మందకు వర్తింపజేయడం వీలుకాదు.

ప్రధాన వ్యాధులు

గాలికుంటు వ్యాధి: గిట్టలు చీలి ఉన్న జంతువులన్నింటికీ సోకే వైరస్ వ్యాధి. పశువులు, గేదెలు, గొర్రెలు, మేకలు, పందులు దీనికి లోనవుతాయి. జంతువులలో వైరస్ వలన కలుగుతున్నదని శాస్త్రజ్ఞులు మొట్టమొదట నిరూపించిన వ్యాధి ఇదే. జర్మనీకి చెందిన లోఫ్లర్, ఫ్రాష్ అను శాస్త్రవేత్తలు 1898లో ఈ విషయాన్ని వెల్లడించారు. ఈ వైరస్‌లో ఏడు రకాలు కలవు. మన దేశంలో ఓ, ఎ, ఆసియా-1 అనే మూడు రకాలు వ్యాప్తిలో ఉన్నాయి. ఒక రకం వలన కలిగిన నిరోధకశక్తి మరొక రకం నుంచి కాపాడదు. అందువలననే టీకాలో మూడు రకాలనూ చేర్చుతారు. పెద్ద పశువులలో మరణాలు తక్కువే అయినప్పటికీ లేగదూడలలో వైరస్ గుండె కండరాన్ని దెబ్బతీయుట వలన హఠాత్తుగా మరణాలు సంభవిస్తాయి. కోలుకున్న ఎద్దులు ఎండకు తాళలేక రొప్పుతూ, మునుపటివలె పని చేయలేకపోవడం రైతులకు అనుభవమే.

లంపీ స్కిన్ వ్యాధి: చర్మంపై గడ్డలు లేచే ఈ వ్యాధి మేకల మశూచి, గొర్రెల మశూచి వైరస్‌ల కుటుంబానికి చెందినది. 1929లో నేటి జాంబియా ప్రాంతంలో తొలిసారిగా గుర్తించబడింది. మన దేశంలో 2019లో ఒడిశాలో బయటపడి, 2020లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌తో సహా పలు రాష్ట్రాలకు పాకింది. 2022లో రాజస్థాన్, గుజరాత్ తదితర రాష్ట్రాలలో ఉద్ధృతంగా వ్యాపించి, దేశవ్యాప్తంగా లక్షకు పైగా పశువులను బలిగొన్నది. గేదెల కంటె ఆవులు, ఎద్దులు దీనికి అధికంగా లోనవుతాయి.

ఇవి గాక వర్షాకాలంలో దోమలు, చిన్న ఈగల ద్వారా వచ్చే మూడు రోజుల జ్వరం, కుక్కకాటు వలన సోకే రేబిస్ కూడా ఈ ప్రాంత పశువులలో గమనించవలసిన వైరస్ వ్యాధులు. గొంతువాపు, జబ్బవాపు, దొమ్మ వ్యాధులు కూడా ఇక్కడ రైతులకు పరిచితమే. కానీ అవి బాక్టీరియా వలన కలిగేవి. వాటి టీకాలు, చికిత్స వేరు. వార్తలలోనూ నివేదికలలోనూ ఈ తేడాను పాటించినచో రైతులు తప్పు మందు కోసం పరుగులు తీయవలసిన అవసరం ఉండదు.

ముప్పును పెంచే అంశాలు

వ్యాధి ఒక మందలో ప్రవేశించుటకు ఒకటే కారణం ఉండదు. పశువుల కదలిక, కలయిక, నిరోధకశక్తిలో లోపం, వాతావరణం అనే నాలుగూ ఒకచోట కూడినప్పుడు వ్యాధి ప్రబలుతుంది. సరిహద్దు గ్రామాలలో ఈ నాలుగింటి తీరు దిగువ వివరించడమైనది.

1. సరిహద్దు దాటి పశువుల రాకపోకలు

వైరస్‌కు కాళ్ళు లేవు. దానిని నడిపించేది పశువే. విజయవాడ – జగదల్‌పూర్ 30వ నంబరు జాతీయ రహదారి భద్రాచలం, చింతూరు, కుంట, సుక్మా మీదుగా పోతున్నది. దీనిపై వాహనాలలో తరలే పశువులను తనిఖీ చేయడం సాధ్యమే. కానీ అడవిలోని కాలిబాటలలో తోలుకొని పోయే పశువులకు చెక్‌పోస్టు లేదు. బంధువుల ఇంటి నుంచి తెచ్చుకున్న కోడె, పెండ్లికి ఇచ్చిన ఆవు, కౌలుకు తీసుకున్న ఎద్దుల జత ఏ రికార్డులోనూ నమోదు కావు.

టీకాల చరిత్ర కూడా ఈ సరిహద్దుకు ప్రాముఖ్యం కలిగించింది. గాలికుంటు నియంత్రణ కార్యక్రమం 2003-04లో దేశంలోని 54 జిల్లాలలో ప్రారంభమైంది. 2010-11లో 221 జిల్లాలకు విస్తరించినప్పుడు ఆంధ్రప్రదేశ్‌తో సహా దక్షిణాది రాష్ట్రాలన్నీ దాని పరిధిలోనికి వచ్చాయి. ఆ విస్తరణలో ఛత్తీస్‌గఢ్, ఒడిశా లేవు. 2019 సెప్టెంబరు 11న మథురలో ప్రారంభించిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంతో మాత్రమే దేశమంతటా ఒకే పథకం అమలులోనికి వచ్చింది. అంటే చాలా ఏళ్ళపాటు ఈ అడవికి ఒకవైపు పశువులు క్రమం తప్పక టీకా పొందే పథకంలో ఉండగా, మరొకవైపు పశువులు దాని వెలుపల ఉన్నాయి.

2. వారపు సంతలు

సంతలో ఇరవై ఊళ్ళ పశువులు ఒకేచోట కొన్ని గంటలపాటు నిలిచి, సాయంత్రానికి మరో ఇరవై ఊళ్ళకు చేరుతాయి. గాలికుంటు సోకిన పశువు లక్షణాలు బయటపడుటకు ముందే లాలాజలంలోనూ ఊపిరిలోనూ వైరస్‌ను వదలుతుంది. సాధారణంగా వైరస్ ప్రవేశించిన 2 నుంచి 14 రోజుల లోపల లక్షణాలు కనిపిస్తాయి. కావున సంతలో ఆరోగ్యంగా కనిపించిన పశువు ఆరోగ్యవంతమైనదే అని చెప్పుటకు వీలులేదు. ఒక పశువుకు నలత కనిపించగానే అందరికీ సోకక ముందే అమ్మివేయాలని యజమాని తొందరపడటం ఈ ముప్పును రెట్టింపు చేస్తుంది.

దీనికి ప్రపంచానికి తెలిసిన ఉదాహరణ బ్రిటన్. 2001 ఫిబ్రవరిలో అక్కడ గాలికుంటు గుర్తించేనాటికే వ్యాధి సోకిన గొర్రెలు హెక్స్‌హామ్, లాంగ్‌టౌన్ పశువుల మార్కెట్ల ద్వారా దేశంలోని అనేక ప్రాంతాలకు చేరిపోయాయి. వ్యాధిని అదుపు చేయుటకు 60 లక్షలకు పైగా జంతువులను వధించవలసి వచ్చింది. ఆ వైరస్ పాన్ ఆసియా అని పిలిచే ఓ రకపు తెగకు చెందినది. ఆ తెగను మొదట గుర్తించినది 1990లో ఉత్తర భారతదేశంలోనే. ధనిక దేశంలోని వ్యవస్థలను సైతం ఒక సంత దాటిపోగలిగినది. మన వారపు సంతల విషయంలో ఎంత అప్రమత్తత అవసరమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

3. ఉమ్మడి మేత, ఉమ్మడి నీరు

వేసవిలో వాగులు ఎండిపోయి కొద్దిపాటి మడుగులే మిగులుతాయి. కిన్నెరసాని, తాలిపేరు, శబరి పరీవాహక గ్రామాలలో చుట్టుపక్కల మందలన్నీ ఆ మడుగుల వద్దనే కలుస్తాయి. చొంగలోని వైరస్ నీటి ఒడ్డున, మేతపైన, తొట్టిలో పడి పక్క పశువుకు అందుతుంది. పశువు బక్కచిక్కి ఉండేది కూడా ఆ నెలలలోనే.

వరదల కాలంలో ఇందుకు భిన్నమైన రీతిలో అదే ఫలితం కలుగుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక జారీచేసే 53 అడుగుల కంటె ఇది 18 అడుగులు అధికం. ఇటువంటి వేళ ముంపు గ్రామాల పశువులన్నింటినీ మెట్ట ప్రాంతాలకు తరలించవలసి వస్తుంది. వేర్వేరు ఊళ్ళ మందలు రోజుల తరబడి బురదలో, చాలీచాలని మేతతో ఒకేచోట నిలుస్తాయి. వరద సహాయ ప్రణాళికలో పశుగ్రాసంతో పాటు టీకా కూడా చేరి ఉండుట అవసరం.

4. టీకా అందని పశువులు

గాలికుంటు టీకా వలన కలిగే రక్షణ సుమారు ఆరు నెలలు మాత్రమే నిలుస్తుంది. అందువలన ఏటా రెండు విడతలు వేయవలసి ఉన్నది. నాలుగు నెలలు నిండిన దూడకు తొలి టీకా, నెల రోజులకు మరొక టీకా వేసిన తరువాతనే ఆరు నెలల క్రమం మొదలవుతుంది. ఒక విడత తప్పిపోతే రెండు విడతల మధ్య ఏడాది ఖాళీ ఏర్పడి, ఆ మంద దాదాపు టీకా లేని మందతో సమానమవుతుంది.

ఉదాహరణకు నూరు పశువులున్న ఒక గూడేన్ని తీసుకొందాము. అందులో పది లేగదూడలు టీకా వయస్సుకు రాలేదు. టీకాల బృందం వచ్చిన రోజున ఇరవై ఐదు పశువులు అడవిలో ఉన్నాయి. ఐదింటిని యజమానులు పట్టి ఇవ్వలేదు. మిగిలిన అరవైకి మాత్రమే టీకా పడింది. వీటిలోనూ నీరసించినవి, కొత్తగా తొలి టీకా పొందినవి కొన్ని తగినంత నిరోధకశక్తిని పొందకపోవచ్చు. కాబట్టి ఆ గూడెంలో నిజంగా రక్షణ గల పశువులు సగానికి కొంచెం ఎక్కువ. ఇటువంటి పది గూడేలు ఉన్న జిల్లాలో మైదాన మండలాలన్నీ నూటికి తొంభై ఐదు సాధించినట్లయితే జిల్లా సగటు ఎంతో ఘనంగా కనిపిస్తుంది. వైరస్ మాత్రం సగటును చూడదు, ఆ పది గూడేలనే వెదుక్కొంటుంది. కావున సమీక్షలలో అధికారులు, వార్తలలో పాత్రికేయులు జిల్లా శాతంతో పాటు గ్రామాల వారీ, ఆవాసాల వారీ వివరాలను కూడా అడగడం ప్రయోజనకరం.

టీకా మందును 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ చేయాలి. వేడి తగిలినా, గడ్డకట్టినా అది పనికిరాదు. మండల కేంద్రంలోని ఫ్రిజ్ నుంచి బయలుదేరి, వాగు దాటి, కాలినడకన గూడెం చేరే వరకు మంచుగడ్డలు కరగకుండా చూచుకోవడం ఇక్కడి సిబ్బందికి ఎదురయ్యే నిజమైన పరీక్ష. తెల్లవారుజామున మంద అడవికి బయలుదేరక ముందే టీకాలు వేయడం, ముందు రోజు సాయంత్రం దండోరా వేయించడం, కాపరిని భాగస్వామిని చేయడం అనుభవంలో ఫలితాన్నిచ్చే పద్ధతులు.

5. మేకలు, గొర్రెలు, పందులు

మేకలలోను గొర్రెలలోను గాలికుంటు లక్షణాలు స్వల్పంగా ఉండి, యజమాని దృష్టికి రాకుండానే పోవచ్చు. కానీ అవి వైరస్‌ను మోసుకొని పోగలవు. పందులు ఊపిరి ద్వారా పశువుల కంటె ఎన్నో రెట్లు ఎక్కువ వైరస్‌ను వెలువరిస్తాయి. ఆవులకు టీకా వేసి, అదే ఇంటి మేకలను, పందులను లెక్కలోనికి తీసుకోనట్లయితే తలుపు మూసి కిటికీ తెరిచినట్లగును.

6. ఈగలు, దోమలు, పిడుదులు

గాలికుంటుకు భిన్నంగా లంపీ స్కిన్ వ్యాధి ప్రధానంగా రక్తం పీల్చే కీటకాల ద్వారా వ్యాపిస్తుంది. కుట్టే ఈగలు, దోమలు, పిడుదులు రోగి పశువు నుంచి వైరస్‌ను గ్రహించి మరొక పశువుకు చేరవేస్తాయి. వానల తరువాత అడవి అంచు గ్రామాలలో ఇవి విస్తారంగా పెరుగుతాయి. కొట్టం పక్కనే పెంటకుప్ప, నిలిచిన మురుగునీరు ఉన్నచోట ముప్పు మరింత హెచ్చు. ఎండిపోయిన పొక్కుల చెక్కులలో ఈ వైరస్ నెల రోజులకు పైగా జీవించగలదు కావున రోగి పశువు కట్టిన చోటును శుభ్రపరచకుండా మరొక పశువును కట్టరాదు.

7. కొత్తగా కొన్న పశువులు

ప్రభుత్వ పథకాల క్రింద గాని, సొంతంగా గాని ఇతర ప్రాంతాల నుంచి పశువులను కొని తెచ్చినప్పుడు దూరప్రయాణపు బడలిక వలన వాటి నిరోధకశక్తి తగ్గుతుంది. సంకరజాతి ఆవులలో గాలికుంటు లక్షణాలు నాటు పశువులలో కంటె తీవ్రంగా కనిపిస్తాయి. కొన్న పశువును కనీసం 21 రోజులపాటు విడిగా ఉంచి, టీకా వేయించిన తరువాతనే మందలో కలపడం మంచిది. ఒకే కొట్టం ఉన్న పేద కుటుంబానికి ఇది కష్టమే. అటువంటి చోట గ్రామ పంచాయతీ ఊరి వెలుపల ఉమ్మడి దొడ్డిని ఏర్పాటు చేయుట ఆచరణయోగ్యమైన మార్గం.

కోలుకున్న పశువుల విషయం కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. గాలికుంటు నుంచి బయటపడిన పశువు గొంతు భాగంలో వైరస్ నెలల తరబడి, కొన్నింటిలో మూడేళ్ళకు పైగా కూడా నిలిచి ఉండగలదు. ఇటువంటి పశువుల నుంచి వ్యాధి వ్యాపించుట అరుదే అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అయినను ఇటీవల వ్యాధి వచ్చిపోయిన ఊరి పశువులను వెంటనే కొనకుండుట మేలు.

8. వన్యమృగాలు

కిన్నెరసాని అభయారణ్యంలోనూ పరిసర అడవులలోనూ సంచరించే అడవిదున్న, చుక్కలదుప్పి, కణితి, అడవిపంది మొదలైన జంతువులకు కూడా గాలికుంటు సోకగలదు. ఆఫ్రికాలో అడవిగేదెలు కొన్ని వైరస్ రకాలకు శాశ్వత ఆశ్రయాలు. మన దేశంలో వ్యాధి ప్రధానంగా పెంపుడు పశువులలోనే తిరుగాడుతున్నది. అందుచేత అడవి జంతువుల వలన మందకు కలిగే ముప్పు కంటె, టీకా లేని మంద వలన అడవి జంతువులకు కలిగే ముప్పును గురించి ఎక్కువగా ఆలోచించవలసి ఉన్నది. అభయారణ్యం అంచు గ్రామాలలో టీకాలు వేయడం పశుసంవర్ధక శాఖతో పాటు అటవీ శాఖకు కూడా ప్రయోజనం కలిగించే పని.

9. మనుషులు, పనిముట్లు

ఒక ఊరి నుంచి మరొక ఊరికి పోయే పశువుల వ్యాపారి చెప్పులు, వాహనం చక్రాలు, ఒకే సూదితో పలు పశువులకు ఇచ్చే ఇంజెక్షన్లు కూడా వైరస్‌ను చేరవేస్తాయి. వ్యాధి ప్రబలిన గ్రామంలో పనిచేసిన సిబ్బంది అదే రోజు ఆరోగ్యంగా ఉన్న మరో గ్రామానికి వెళ్ళకూడదు. పశువుకొక సూది అనే నియమానికి మినహాయింపు లేదు.

పెద్ద రోగం నేర్పిన పాఠం

పశువులను వందల ఏళ్ళు పీడించిన రిండర్‌పెస్ట్‌ను మన పల్లెలలో పెద్ద రోగం అని పిలిచేవారు. ఒకసారి ఊరిలో ప్రవేశిస్తే కొట్టాలకు కొట్టాలు ఖాళీ అయ్యేవి. 1954లో దేశవ్యాప్త నిర్మూలన కార్యక్రమం ప్రారంభమైంది. కోట్లాది టీకాలు వేసినప్పటికీ దశాబ్దాలపాటు వ్యాధి పూర్తిగా పోలేదు. టీకాలు అందని మందలలో అది దాగి ఉండి తిరిగి బయటికి వస్తూ ఉండటమే ఇందుకు కారణం. చివరి కేసు 1995లో నమోదైంది. 2006లో భారతదేశం వ్యాధి సంక్రమణ లేని దేశంగా అంతర్జాతీయ గుర్తింపు పొందింది. 2011లో ప్రపంచమే ఈ వ్యాధి నుంచి విముక్తి పొందినట్లు ప్రకటించడమైనది. మానవుడు నిర్మూలించిన వ్యాధులలో మశూచి తరువాత ఇది రెండవది.

ఆఫ్రికాలో చివరి దశలో నిర్మూలనకు తోడ్పడినది వేడికి తట్టుకొనే టీకా, దానిని మందల వెంట నడిచి వేసిన స్థానిక పశుపోషకులు. దూరప్రాంతాల మందలకు ఆ మందలను ఎరిగినవారే చేరగలరని అక్కడ రుజువైంది. గాలికుంటు విషయంలో పని ఇంకా కష్టం. రిండర్‌పెస్ట్ వైరస్ ఒకటే రకం, దాని టీకా ఒకసారి వేస్తే జీవితకాలం పనిచేసేది. గాలికుంటుకు మూడు రకాలు, ఆరు నెలల రక్షణ, శీతల నిల్వ తప్పనిసరి. కాబట్టి గోపాలమిత్రలు, గిరిజన యువకులు, ఊరి కాపరుల సహకారం లేనిదే చర్ల అడవులలో గాని, గుండాల కొండలలో గాని నూటికి నూరు పాళ్ళు టీకాలు సాధ్యం కావు. కోయ భాషలో మాట్లాడగల వ్యక్తి బృందంలో ఉంటే సగం పని పూర్తయినట్లే.

వ్యాధి గుర్తింపు, తక్షణ చర్యలు

గాలికుంటులో తీవ్ర జ్వరం, మేత మానివేయుట, నోటి నుంచి తీగలు సాగే చొంగ, నాలుకపైన, చిగుళ్ళపైన, గిట్టల చీలికలో, పొదుగుపైన బొబ్బలు కనిపిస్తాయి. లంపీ స్కిన్ వ్యాధిలో జ్వరంతో పాటు ఒంటినిండా రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల గట్టి గడ్డలు, కాళ్ళ వాపు, కన్నీరు ముఖ్య లక్షణాలు.

ఇటువంటి పశువు కనిపించినచో దానిని వెంటనే మంద నుంచి వేరుచేయాలి. సమీప పశువైద్యశాలకు గాని, 1962 ఉచిత ఫోన్ నంబరుకు గాని తెలియజేయాలి. వైరస్‌ను చంపే మందు లేదు. పుండ్లకు ఇతర సూక్ష్మజీవులు సోకకుండా చూడటం, పశువు నీరసించకుండా కాపాడటమే చికిత్స. నోటిని పటిక నీటితో లేదా పలుచని పొటాషియం పర్మాంగనేట్ ద్రావణంతో కడిగి, మెత్తని మేత, గంజి పెట్టాలి. గిట్టలను శుభ్రపరచి ఈగలు వాలకుండా మందు రాయాలి. గాలికుంటు వైరస్ ఆమ్లానికి గాని, క్షారానికి గాని తాళలేదు. నూటికి నాలుగు పాళ్ళు బట్టల సోడా కలిపిన నీరు కొట్టం శుభ్రపరచుటకు చాలును. చనిపోయిన పశువును వాగులో పడవేయక లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చవలెను.

పశువైద్యాధికారి బొబ్బల చర్మం, రక్త నమూనాలను సేకరించి ప్రయోగశాలకు పంపినప్పుడే ఏ రకం వైరస్ తిరుగుతున్నదో, టీకా దానికి సరిపోతున్నదో తెలుస్తుంది. భువనేశ్వర్ సమీపంలోని జాతీయ గాలికుంటు వ్యాధి సంస్థ ఈ పరిశోధనకు కేంద్రం. టీకా వలన కలిగిన ప్రతిరక్షకాలను, నిజమైన వ్యాధి వలన కలిగిన ప్రతిరక్షకాలను వేరుచేసి చూపే రక్తపరీక్షలు నేడు అందుబాటులో ఉన్నాయి. వ్యాధిరహిత ప్రాంతంగా గుర్తింపు కోరినప్పుడు లెక్కకు వచ్చేది ఈ పరీక్షల ఫలితమే. అందుచేత ఒక గ్రామంలో వ్యాధి వచ్చిందని నివేదించుటను వైఫల్యంగా భావించరాదు. దాచిపెట్టిన వ్యాధి రెండు నెలల తరువాత పది గ్రామాలలో బయటపడుతుంది.

లంపీ స్కిన్ వ్యాధికి మేకల మశూచి టీకాను ఆరోగ్యంగా ఉన్న పశువులకు వేస్తున్నారు. ఈ వ్యాధికి ప్రత్యేకంగా భారత వ్యవసాయ పరిశోధన మండలి శాస్త్రవేత్తలు రూపొందించిన టీకాను 2022 ఆగస్టులో విడుదల చేశారు. గాలికుంటు టీకా తయారీలో 1982లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ హైదరాబాద్‌లో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థకు ప్రముఖ స్థానం ఉన్నది.

చట్టపరమైన ఏర్పాట్లు

జంతువులలో అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం, 2009 ప్రకారం జాబితాలోని వ్యాధి సోకినట్లు అనుమానం కలిగిన పశువు యజమాని గ్రామాధికారికి లేదా పంచాయతీకి తెలియజేయవలెను. వారు సమీప పశువైద్యునికి తెలుపవలెను. అవసరమైనప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటించి, పశువుల రాకపోకలను, సంతలను నిలుపుదల చేయవచ్చును. అయితే సంత మూసివేత ఆ వారం కూలి, గింజలు, ఉప్పు, నూనెకు సంతపైనే ఆధారపడిన గిరిజన కుటుంబాలకు భారం. పశువుల విభాగాన్ని మాత్రమే నిలిపి, మిగిలిన సంతను కొనసాగనిచ్చుట ప్రజల సహకారాన్ని నిలుపుకొనే మార్గం.

పశువు చెవికి వేసే పన్నెండు అంకెల ట్యాగు ఆ పశువు టీకాల చరిత్రను తెలుపుతుంది. అడవిలో చెట్ల కొమ్మలకు తగిలి ట్యాగులు ఊడిపోవుట ఇక్కడ సాధారణం. ఊడిన ట్యాగు స్థానంలో కొత్తది వేసి పాత వివరాలతో జతపరచనట్లయితే ఒకే పశువు రెండుసార్లు లెక్కలోనికి వచ్చి, టీకాల శాతం వాస్తవం కంటె ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉన్నది.

సమన్వయంతోనే ఫలితం

సరిహద్దుకు ఒకవైపు మార్చిలో, మరొకవైపు జూలైలో టీకాలు వేసినట్లయితే ఏడాదిలో ఎప్పుడు చూచినా ఏదో ఒకవైపు మందల నిరోధకశక్తి క్షీణదశలో ఉంటుంది. ఆవలి గ్రామాలతో కలిసి ఒకే పక్షంలో టీకాలు పూర్తి చేయడం, వ్యాధి సమాచారాన్ని పొరుగు జిల్లా అధికారులకు అదే రోజు తెలియజేయడం, వేసవి మడుగుల వద్ద, వరద శిబిరాల వద్ద ప్రత్యేక బృందాలను నిలపడం ఈ ప్రాంతంలో ప్రాధాన్యం గల పనులు. తొలకరికి కనీసం నెల ముందుగా అటవీ గ్రామాలలో విడత పూర్తయితే దుక్కి ఎద్దులకు సకాలంలో రక్షణ చేకూరుతుంది. భద్రాచలం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, పశుసంవర్ధక, అటవీ, పంచాయతీరాజ్ శాఖల క్షేత్రస్థాయి సిబ్బంది ఒకే ప్రణాళికతో పనిచేసినప్పుడు ఇది సాధ్యమవుతుంది.

పాత్రికేయులు ఈ వ్యాధులను గురించి వ్రాయునప్పుడు మూడు విషయాలను ప్రజలకు స్పష్టం చేయడం అవసరం. లంపీ స్కిన్ వ్యాధి మనుషులకు సోకదు. గాలికుంటు మనుషులకు సోకుట అత్యంత అరుదు, దాని వలన ప్రజారోగ్యానికి ముప్పు లేదు. పాలను కాచి త్రాగవలెను. టీకా వేసిన తరువాత ఒకటి రెండు రోజులు పాలు తగ్గుట, స్వల్పంగా వాపు కలుగుట సహజం, దానికి భయపడి మరుసటి విడత మానరాదు.

జాతీయ కార్యక్రమం 2030 నాటికి గాలికుంటును నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకొన్నది. ఆ లక్ష్యం నెరవేరునో లేదో నిర్ణయించేది నగరాల సమీపంలోని డెయిరీలు కాదు. వాగు దాటి, మంచుపెట్టె మోసుకొని, తెల్లవారక ముందే చేరుకోవలసిన చివరి గూడెం. అక్కడి నూరవ పశువుకు కూడా టీకా అందిన నాడు మిగిలిన తొంభై తొమ్మిదింటికి నిజమైన రక్షణ లభించినట్లు.